గిద్దలూరు లైనులో బావ గొంతు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా మేనేజరు సుధారాణి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఇప్పటికే భోజనాల వైపు చూస్తున్న మిత్రులకు, ముఖ్యంగా ఈరోజు మన పలకల కంపెనీలో ఉద్యోగ విరమణ చేస్తున్న గిద్దలూరు గోడౌను ఇన్‌ఛార్జి బయన్నకు, మార్కాపురం ఆఫీసులో టెలిఫోను బల్లను ఇంకా వదలని ఈ పిచ్చయ్య నమస్కారాలు.

బయన్నకూ నాకూ చుట్టరికం లేదు. వాళ్లది నల్లమల, మాది పొదిలి పక్క మెట్ట సేద్యం. అయినా మొదటిసారి ఫోనెత్తినప్పుడే "ఏం బావా, లారీ బయలుదేరిందా?" అన్నాడు. ఆ పిలుపే నిలిచిపోయింది. ఇక లారీ సంగతి ఒక ముక్కయితే, అడవిలో తేనె దొరికిందా, మా గేదె ఈనిందా అన్నవి పది ముక్కలు. కంపెనీ ఫోనులో గేదె సంగతులేమిటని ఇప్పుడు అడక్కండి మేడం. (నవ్వులు)

పోయిన ఏడు గిద్దలూరులో కొత్త డిజిటల్ టెలిఫోను ఎక్స్ఛేంజి పెట్టారు. ఆనాటి నుంచి బయన్న గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించసాగింది. మాట అర్థమయ్యేది, మనిషే అర్థమయ్యేవాడు కాదు. ఏమీ మాట్లాడకున్నా గరగరే. లైను బాగాలేకపోతే మన పక్క చేసేది ఒకటే కదా, అరవడం! నేను అరిచాను, ఆయనా అరిచాడు.

"ఏంది బావా, ఎందుకట్ల కసురుకుంటావు?" అన్నాను.

"నువ్వే గదా మీదికొస్తాండావు!" అన్నాడు.

వారం తిరిగేసరికి 'బావా' పోయి 'సార్' వచ్చింది.

ఫోన్లు మార్చాం, వైర్లు మార్చాం, పాపం ఎలుకలను తిట్టాం. చివరికి ఫోన్ల ఇంజనీరు నరేంద్ర వచ్చి, "పెద్దాయనా, ఏ ఊర్లో ఆ ఊరికి చేస్తే బాగనే ఉంది. రెండూర్ల మధ్యనే చెడుతాంది" అన్నాడు. గొంతును అంకెలు చేసి పంపడానికి అమెరికా వాళ్లది ఒక పద్ధతి, మనదీ ఐరోపా వాళ్లదీ ఇంకొకటి అట. గిద్దలూరు ఎక్స్ఛేంజి మిషను అమెరికా పద్ధతిలోనే దిగింది, దాన్ని ఎవరూ మార్చలేదు. అంగుళాల్లో రాసి పంపిన పలక కొలతను అవతలివాళ్లు సెంటీమీటర్లనుకొని కోసినట్టన్నమాట. ఇదంతా నాకు అర్థమైందనుకోకండి. అమెరికాకు గిద్దలూరులో ఏం పనో నాకిప్పటికీ తెలియదు.

నరేంద్ర సెట్టింగు మార్చాడు. వెంటనే ఫోను చేశాను.

"చెప్పండి సార్" అన్నాడు బయన్న. ఒక్క గర లేదు. శుభ్రంగా, స్పష్టంగా, సార్!



అప్పటి నుంచీ నాకు అయోమయమే. ఆ అరుపుల్లో మిషను కోపమెంత, మా కోపమెంత? ముందు అరిచిందెవరు? నరేంద్రను అడిగితే, దానికి తన దగ్గర సెట్టింగు లేదన్నాడు. రేపటి నుంచి గోడౌనులో ఫోనెత్తేది వేరే మనిషి. అందుకే ఈ మైకు కూడా పక్కన పెట్టి, అరవకుండా అడుగుతున్నాను. బావా, ఇప్పుడు నా గొంతు ఎట్లుంది?

(వేదిక మీది నుంచి బయన్న: "బాగనే ఉందిలే గానీ, ఇంక దిగు బావా. అన్నం చల్లారిపోతాంది.")

విన్నారు కదా? వెనక వరుసకు వినపడిందో లేదో గానీ, నాకు వినపడింది. ఓపిక పట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. బావ పక్క విస్తరి నాది, ఎవరూ కూర్చోకండి. సెలవు.