మొదటి గ్లాసు

కొత్తపేట. సాయంత్రం అయిదున్నర. రావులపాలెం అరటి మార్కెట్ గేటు దగ్గర పాతికేళ్ళు టీ కాచి, వచ్చేపోయే లారీవాళ్ళందరి నిద్రా చెడగొట్టిన వీరవెంకటరమణ, ఇప్పుడు భార్య నిద్ర కోసం వంటింట్లో ఆకులు నానబెడుతున్నాడు. గొంతులో కేన్సరు గడ్డకి కాకినాడ ఆసుపత్రిలో ముప్పైమూడు రోజులు రేడియేషన్ కరెంటు పెట్టించుకుని వచ్చిన సీతారత్నం గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ జబ్బు మొదలైన దగ్గర్నుంచి టీ కొట్టు మూతబడే ఉంది, మూడు నెలలుగా. సోమవారం ఎలాగైనా దాన్ని తెరిపించాలని ఆవిడ పట్టుదల.

“...అందుకని అది తిరిగిచ్చేసేను.”

“ఏది, ఆకుపచ్చ పెట్టెనా?”

“అదే, గ్రీన్ టీ. పచ్చగా ఉంది కదా, మందాకేమో అనుకుని తీసుకున్నాను. అమలాపురం షాపులో ఆ అమ్మాయి నవ్వింది. ‘ఇందులోనూ కెఫిన్ ఉంటుందండి, సాయంత్రం తాగితే నిద్ర పట్టదండి’ అంది. పాతికేళ్ళ టీ మాస్టర్ని నిలబెట్టి నాకు పాఠం చెప్పింది.”

“మీకు తెలీదనుకుందేమో.”

“తెలీదే మరి! టీ అంటే టీ. అందులో నిద్ర చెడగొట్టేది ఏముందో ఎవడు చూసేడు? డాక్టరు చెప్పబట్టి గానీ.”

“ఆయన నాలుగు దాటితే టీ వద్దన్నారు. అంతేగానీ నాలుగు పెట్టెలు కొనమన్లేదు.”

“నాలుగూ రుచి చూస్తేనే కదా, రోజూ ఏది తాగుతావో తెలిసేది. నిద్ర లేదు, తిండి లేదు. మొన్న తూకం వేస్తే ఎంతొచ్చేవు? ముప్పయ్యెనిమిది.”

“మూట తేలికైతే మోసేవాళ్ళకి సుఖం.”

“ఇదిగో, అలాంటి మాటలు నా దగ్గర అనకు.”

“సరే, అనను. ఇవ్వండి.”

“ఇది తులసి. ఆకు సంచీ తీసేశాను. గోరువెచ్చగా ఉంది, తాగు.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“బాగుంది.”

“బాగుందంటే సరిపోదు. ఎలా ఉంది? ఘాటా, చేదా?”

“తులసి తులసిలా కాక వేరేగా ఉంటుందా? ఘాటుగానే ఉంది.”

“గొంతు మండుతోందా?”

“కొంచెం.”

“అయితే అది వద్దు. ఇలా తే.”

“ఏవండీ, మీరో గుక్క తాగి చూడకూడదూ?”

“నాకెందుకు ఆకునీళ్ళు? నా నోటికి పట్టవు.”

“అవున్లెండి, దొరగారి నోరు. సోమవారం కొట్టు తీస్తానన్నారు, గుర్తుందా?”

“నువ్వు ముందు ఇది తేల్చు.”

“ఇది తేలిస్తే తీస్తారా?”

“ఇది తేల్చి, రోజూ తాగి, కాస్త తేరుకుని, నాతో బండెక్కి వస్తే తీస్తాను. మొదటి గ్లాసు నువ్వు తాగి ఊఁ అనాలి. లేకపోతే తియ్యను.”

“నేను రాకపోతేనేం? పాలవాడికి చెప్పేరా?”

“చెప్పలేదు.”

“పొడి?”

“పొడి కొట్టు కొండయ్య తెస్తానన్నాడు. ఇదిగో, నిమ్మగడ్డి. ఒక చెంచా తేనె కూడా వేశాను.”

“ఎదురు షట్టర్లో ఇంకెవరో కొట్టు పెట్టేరంట కదా.”

“పెట్టనీ. తాగు.”

“పెట్టనీ అంటారేం? మీ గిరాకీ అంతా అటే పోతుంది.”

“తాగవే ముందు.”

“తాగేను. బాగుంది. నిమ్మ వాసన.”

“ఎక్కువా, తక్కువా?”

“మధ్యరకం.”

“తీపి సరిపోయిందా?”

“తేనె వేశానన్నారుగా. తీపే.”

“వేశాననే చెప్పేను. సరిపోయిందా అని అడుగుతున్నాను.”

“సరిపోయిందండీ బాబూ. పోలీసోళ్ళలాగ అడుగుతారేం?”

“నిన్న జావ కూడా ఇలాగే బాగుందన్నావు.”

“బాగుంది కాబట్టే అన్నాను.”

“గిన్నెలో మిగిలింది పక్కింటి అప్పాయమ్మ గారు నోట్లో పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేరు. ఉప్పు రెండుసార్లు పడిందంట. ‘సముద్రం కాచి పోశావురా రమణా’ అన్నారావిడ.”

“నాకు ఉప్పు ఎక్కువైతేనే బాగుంటోంది.”

“ఎప్పట్నుంచి?”

“ఈ కరెంటు పెట్టిన దగ్గర్నుంచి. అయినా మీ చెయ్యి కొలత తప్పదు కదా, రెండుసార్లు ఎలా వేశారు? దించే ముందు నోట్లో వేసుకుని చూడలేదా?”

“హడావుడిలో మర్చిపోయేను.”

“ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. ఏం హడావుడండి మీకు?”

“మూడోది అందుకో. మందార. ఇదిగో, రంగు చూడు, ఎంత ఎర్రగా దిగిందో.”

“కళ్ళజోడు మంచం మీదుంది. స్టీలు గ్లాసులో రంగేం కనిపిస్తుంది నాకు?”

“సరే, నోటితోనే చూడు.”

“ఊఁ. ఇది చప్పగా ఉంది. హాయిగా ఉంది.”

“చప్పగానా? పెట్టె మీద పుల్లగా ఉంటుందని రాసేడే.”

“...ఏమో. పాత సరుకేమో.”

“చూశావా! గ్రీన్ టీ అడిగితే నవ్వింది గానీ, ఇది మాత్రం పాతది అంటగట్టింది ఆ అమ్మాయి. రేపెళ్ళి అడుగుతాను.”

“అడగొద్దు. పాపం, ఆ పిల్లనేం అంటారు? కావాలంటే మీరే ఓ చుక్క నాలిక మీద వేసుకోండి, తెలిసిపోతుంది.”

“అక్కర్లేదు. నువ్వు చప్పగా ఉందంటే చప్పగా ఉన్నట్టే.”

“అంత నమ్మకమా నా మీద?”

“నాలుగేళ్ళ నుంచి నువ్వు చెప్పిందే కదా నాకు కొలత.”

“నాలుగేళ్ళ నుంచి సరే. అంతకుముందో?”

“అంతకుముందు సంగతి ఇప్పుడెందుకు?”

“నన్ను చెప్పనివ్వండి. అంతకుముందు నన్ను ఆ కొట్టు ఛాయలకి రానిచ్చేవారు కాదు. లారీవాళ్ళ మధ్య ఆడదానికేం పని అనేవారు. రెండో కరోనాలో పదిహేను రోజులు మంచం మీదుండి లేచేరా? లేచిన వారానికి, తెల్లారగట్ల నాలుగింటికి నన్ను తట్టి లేపేరు. ‘రత్నం, నువ్వూ రా, నా పక్కన కూర్చుందువుగాని’ అన్నారు. ఆ రోజు బండి వెనకాల కూర్చుని ఎంత ఏడ్చేనో తెలుసా?”

“ఏడ్చేవా? ఎందుకు?”

“సంతోషానికండి. ఇరవై రెండేళ్ళ కాపురం చేశాక అప్పుడు గుర్తొచ్చేను కదా మీకు. చచ్చి బతికేడు, పెళ్ళాం విలువ తెలిసొచ్చింది అనుకున్నాను. మా భూలక్ష్మి వదినకి చెప్తే కుళ్ళుకుంది కూడా.”

“అవన్నీ ఊళ్ళో చెప్పేవా?”

“చెప్పనా మరి? మొదటి గ్లాసు నా చేతికిచ్చి, నా మొహంలోకే చూస్తూ నిలబడేవారు. పెళ్ళిచూపుల్లో కూడా మీరు అలా చూడలేదు. గెలలు లారీలకి ఎగుమతి చేసే కుర్రాళ్ళు, డ్రైవర్లు అందరూ వెనకాల నిలబడి, ‘అమ్మగారూ, మీరు తొరగా ఊఁ అనండి, లోడు లేటైపోతోందండి’ అనేవారు. నేను కావాలని ఆలస్యం చేసేదాన్ని.”

“కావాలనా?”

“మరి? ఇంకాసేపు చూస్తారని.”

“...నాలుగోది ఇస్తాను ఉండు.”

“మాట మారిస్తే మార్చేరు గానీ, కళ్ళు తుడుచుకోండి ముందు.”

“పొయ్యి దగ్గర ఆవిరి.”

“పొయ్యి కట్టేసి అరగంటైంది.”

“అబ్బ, తాగవే. చామంతి. ఇదొక్కటే మిగిలింది.”

“ఊఁ... ఆఁ, ఇదండీ! ఇది ఖాయం.”

“నిజంగా?”

“చామంతి వాసన గుప్పుమంటోంది. ఘాటు లేదు, చేదు లేదు, గొంతు మండట్లేదు. ఇంక సాయంత్రాలకి నాకిదే. తేల్చేశాను. సోమవారం కొట్టు తీస్తున్నారు.”

“మొత్తం తాగుతావా?”

“గ్లాసంతా తాగుతాను. నమ్మకం లేకపోతే మీరూ ఓ గుక్క వేసి చూడండి. ఈసారి వంకలు చెప్తే ఊరుకోను, నా మీదొట్టు.”

“ఒట్లెందుకే, ఇలా తే.”

“ఆఁ. ఎలా ఉంది?”

“ఊఁ. చామంతే. నువ్వన్నట్టే గుప్పుమంటోంది.”

“చూశారా! ఆకునీళ్ళు ఆకునీళ్ళు అని ఎన్ని కబుర్లు చెప్పేరు!”

“బాగుందిలే. ఇది ఉంచుకుని మిగతా మూడూ అప్పాయమ్మ గారికి ఇచ్చేద్దాం. ఉండు, చెమ్మ తగలకుండా పెట్టె డబ్బాలో పెడతాను... రత్నం.”

“ఏవిటి?”

“చామంతి పెట్టె విప్పలేదు.”

“విప్పకపోవడం ఏవిటండి? తాగేంగా.”

“పైన ప్లాస్టిక్ కాయితం కూడా చింపలేదు. ఇదిగో.”

“ఇంకో పెట్టెలోది వేసుంటారు.”

“పిండేసి పళ్ళెంలో పడేసిన సంచీలు ఇవిగో. తులసి ఒకటి, నిమ్మగడ్డి ఒకటి, ఎర్రది మందార. మూడే ఉన్నాయి. నాలుగో గ్లాసులో వేణ్ణీళ్ళు పోసి మూత పెట్టేను. ఇది విప్పబోతుంటే నువ్వు పిలిచేవు, మంచినీళ్ళు కావాలని. అక్కడ మర్చిపోయేను. అవి వట్టి నీళ్ళు రత్నం.”

“అయితే అయ్యేయి లెండి.”

“చామంతి వాసన వస్తోందన్నావు.”

“మీరు చామంతి అన్నారు కాబట్టి అన్నాను.”

“నీకు రుచి తెలీట్లేదు కదూ?”

“తెలుస్తోంది.”

“నా వైపు చూసి చెప్పు.”

“...పదో కరెంటుకే పోయిందండి.”

“పదో దానికా? అంటే రెండు నెలలు దాటింది!”

“ఏం పెట్టినా సుద్దముక్క నమిలినట్టే ఉంటోంది. డాక్టరు గారిని అడిగితే ఆర్నెల్లకి రావచ్చమ్మా, రాకపోనూ వచ్చు అన్నారు. మీరప్పుడు మందుల చీటీ పట్టుకుని కిందకెళ్ళేరు.”

“నాకెందుకు చెప్పలేదే? రోజూ రకరకాలు వండి పెడుతున్నాను, అన్నీ బాగున్నాయన్నావు. ఆ ఉప్పు జావ గిన్నెడు తాగేవు!”

“చెప్తే మీరు కొట్టు తియ్యరు. నీ నాలిక లేందే నేను టీ కాయనని భీష్మించుకు కూర్చుంటారు. ఇందాక ఏవన్నారు? నేను ఊఁ అంటేనే తీస్తాననలేదూ?”

“పోతే పోనీ వెధవ కొట్టు.”

“పోనివ్వను. మిమ్మల్ని ఈ వంటింట్లో చూళ్ళేకపోతున్నానండి నేను. పొద్దస్తమానం నా మొహంలోకి చూస్తూ కూర్చుంటున్నారు. మార్కెట్లో ఆ అరుపుల మధ్య, ఆ ఆవిర్ల మధ్య ఎలా ఉండేవారు మీరు! రేపు నేను పోతే...”

“పోవు.”

“పోతానో ఉంటానో, కొట్టంటూ ఉంటే నలుగురు వచ్చి మిమ్మల్ని పలకరిస్తారు. రమణగారూ, ఓ స్ట్రాంగ్ టీ అంటారు. అది చాలు. నాకు వేరే భయం లేదు, ఇదొక్కటే భయం.”

“ఏడవకు. గొంతు నొప్పెడుతుంది.”

“ఏడవను, నాకు మాటివ్వండి. సోమవారం తీస్తారు. మొదటి గ్లాసు మీరే తాగి చూసుకుంటారు. నేను కొట్టుకి రాకముందు ఇరవయ్యేళ్ళు ఎవరు చూసేరు? మీరే కదా? గుక్క నోట్లో పడితే పొడి ఏ తోటదో చెప్పేవారంట, కొండయ్య ఇప్పటికీ అంటాడు. మీ నాలిక ముందు నాదెంత? నేను ముచ్చట పడుతున్నానని నాకిచ్చేరు గానీ, మీకు నా ఊఁ తో పనేవిటి? నన్ను పక్కన కూర్చోబెట్టుకోవాలని కదా. కూర్చున్నాను నాలుగేళ్ళు. నాకది చాలు. మాట్టాడరేం? తీస్తారా, తియ్యరా?”

“రత్నం, అదికాదే...”

“ఉండండి. ఈ గ్లాసులో మీరూ తాగేరు కదా ఇందాక.”

“తాగేను.”

“నేనంటే రుచి పోయినదాన్ని. మీరు కూడా చామంతే అన్నారు.”

“అన్నాను.”

“గుప్పుమంటోందన్నారు. వట్టి నీళ్ళు కదండీ అవి?”

“కరోనా పోయింది గానీ నా రుచీ వాసనా మళ్ళీ రాలేదు రత్నం. ఈ నాలుగేళ్ళూ, నీ చేతికిచ్చింది టీయో వట్టి నీళ్ళో, నువ్వు ఊఁ అంటేనే నాకు తెలిసేది.”