సేవ్ బటన్

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ. ఆన్‌లైన్ పరీక్ష జరుగుతోంది. సర్వర్ గదిలో లెక్చరరమ్మ, పెద్దాయన టెక్నీషియన్.

"ఫ్యాను పోయి పాత సర్వర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోందండీ. పరీక్ష నడుస్తున్న వర్చువల్ మెషీన్ మొత్తం, పిల్లల జవాబులతో సహా, కొత్త సర్వర్లోకి వెళ్లిందా?"

"గంట నుంచీ తొంభై శాతం దగ్గరే ఉందమ్మా. మనం పంపేలోపు పిల్లలు కొత్త జవాబులు పెడుతున్నారు. అవీ మళ్లీ పంపాలి. తోడేకొద్దీ ఊరుతోంది."

"స్పీడుకి మీరు పెట్టిన లిమిట్ తీసేయండి మరి."

"తీసి చూశానమ్మా. పరీక్షకీ, ఈ కాపీకీ ఉన్నది ఒకటే కేబుల్. ల్యాబుల్లో స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. మళ్లీ పెట్టేశాను."

"ఏలూరు నుంచి కొత్త ఫ్యాను వస్తోందన్నారు?"

"ఇంకా దెందులూరు కూడా దాటలేదట."

"పోనీ, రెండు నిమిషాలు ఏమీ నొక్కొద్దని పిల్లలకి చెబుదామండీ."

"చెప్పొచ్చానమ్మా. రాసిందంతా పోతుందేమోనని, అప్పట్నించీ అందరూ ఆపకుండా సేవ్ నొక్కుతున్నారు."