జానెడు మట్టి

“అదే చెప్తాండా కదప్పా. పరీక్షకని సంచిలో పోయిన మట్టి మాదే. ఇంకోరిది కాదు.”

“మాదే అంటే యాడిదన్నా? యాడ తవ్వినావు, అది చెప్పు.”

“చేన్లో.”

“ఏ చేన్లో?”

“ముందు నీళ్లు తాగు యేసన్నా. ఇంత ఎండలో సైకిలు తొక్కుకోని వచ్చినావు.”

అది 1962, ఏప్రిల్ నెల. సమితి ఆఫీసులో గ్రామసేవకుడైన యేసన్న, బొంతలకుంటలో చెరువు కింద మూడెకరాల రైతు దాసప్ప ఇంటి అరుగు మీద సర్కారు ఉత్తరంతో కూర్చున్నాడు. దాసప్ప భార్య ఆంజినమ్మ గడపలో చేట పట్టుకుని ఉంది. ఉత్తరం మొత్తం యేసన్న ఒకసారి చదివి వినిపించాడు.

“నీళ్లు తర్వాత తాగుతా. నేను చదివింది అర్థమయిందా?”

“సగం అయింది. సగం కాలేదు.”

“అయితే విను. తోళ్ల కార్ఖానా మూసి రెండేండ్లయింది. చెరువులోకి ఇంగ సున్నం, ఉప్పు దిగడంలేదు. భూమి తనంతట తానే బాగుపడతాండాది. ఇంకో రెండు మంచి వానలు పడితే పూర్తిగా కోలుకుంటాది. కాబట్టి మీ పది ఇండ్లోళ్లకూ మారు భూమి ఇయ్యాల్సిన పనిలేదు. ఇదీ రాసింది.”

“ఏమి, మన చెరువు కింద భూమి బాగుపడతాండాదా?”

“నేను అనలేదక్కా. పరీక్ష చేసినోళ్లు అన్నారు.”

“మొన్న ఈరన్న ఎనుము ఆ నీళ్లు తాగి నాలుగు దినాలు పైకి లేయలేదు. కట్ట మీద తుమ్మచెట్లు నిలువునా ఎండిపోయినాయి. ఆ పరీక్ష చేసినాయప్పను వచ్చి ఒక చెంబెడు తాగి చూడమను.”

“నాకు తెల్దా ఆంజినమ్మక్కా? రెండేండ్లు తహశీల్దారు చుట్టూ తిరిగినా. ఆ భూమి చచ్చిపోయింది సార్, వాళ్లకు ఇంకో తావు చూపించండి అంటే, నువ్వు చెప్తే కాదు, మట్టి చెప్పల్ల అన్నాడు. సరే సార్, మట్టినే అడగండి అన్నా. ఇప్పుడు మట్టి ఇట్ల చెప్పింది.”

“ఆ కార్ఖానా షావుకారు ఎవురి చెయ్యో తడిపింటాడప్పా.”

“షావుకారు మద్రాసు పోయి కూర్చున్నాడన్నా. మీకు భూమి ఇస్తే వానికి ఏం పోయె, ఇయ్యకుంటే వానికి ఏం వచ్చె? సంచికి లక్క సీలు నా కండ్ల ముందర వేసినారు. బస్సులో ఒళ్లో పెట్టుకోని పోయినా. పక్కన కూర్చున్నాయప్ప ప్రసాదమా సామీ అని చెయ్యి చాపినాడు కూడా.”

“ఇంత పెట్టింటే సరిపోతాండె.”

“నవ్వొద్దక్కా. దోవలో మట్టి మారలేదు. ఆడ పరీక్షలో తప్పు లేదు. అంటే తప్పు ఈడ్నే జరిగింది. దాసప్పన్నా, ఇంగోసారి అడుగుతాండా.”

“సంచితోపాటు ఇచ్చిన కాగితంలో ఎట్ల ఉంటే అట్ల తీసినా. నువ్వే కదా చదివి చెప్పింది. జానెడు లోతు తవ్వల్ల. రాళ్లు ఏరేయల్ల. నీడలో ఆరబెట్టల్ల. ఒకటి కూడా మర్చిపోలేదు.”

“ఇంకేముండె దాంట్లో?”

“సాగు భూమిలో తీయల్ల అని.”

“ఊ.”

“ఊ అంటే?”

“ఊ అంటే చెప్పు అని.”

“చెరువు కింద సాగు భూమి యాడుండాదప్పా? అంతా తెల్లగా చౌడు తేలి పడుండాది. విత్తనం వేసి ఎన్నేండ్లయింది? దాన్ని సాగు అని చెప్తే అబద్ధం కాదా? సర్కారు కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషిని.”

“అందుకని?”

“పైరు ఉండే తావులో తీసినా. అప్పుడు కార్తీక మాసం. కొర్ర నిలబడుండె.”

“కొర్ర యాడుండె?”

“అదే. ఆ మడిలో.”

“ఏ మడి?”

“తోలిన మడి అని చెప్పు. చెప్పేదానికి నోరు రాదా నీకు?”

“నువ్వుండు ఆంజినమ్మా.”

“నేనుంటే ఆయప్ప సాయంత్రందాకా అడుగుతానే ఉంటాడు. తోలిన మడే యేసన్నా. పది ఇండ్లోళ్లూ ముయ్యి పట్టి, ఒకరి చేనికి అందరూ బండ్లు కట్టి, మంచి మట్టి తెచ్చి చౌడు మీద పరుస్తాం. రెండు పంటలు వస్తాయి. మూడో ఏటికి కింద ఉప్పు పైకి తేలి ఆ మట్టినీ మింగేస్తాది. మళ్ల తోలుకుంటాం. పోయిన ఎండాకాలం మా వంతు వచ్చింది.”

“ఎంత మందం పరిచినారక్కా?”

“ఎంతని... జానెడు.”

యేసన్న ఉత్తరాన్ని మడిచాడు. మళ్లీ విప్పాడు. చెంబెత్తి నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు.

“జానెడు పరిచినారు. జానెడు తవ్వినారు.”

“అవునప్పా.”

“ఆ సంచిలో మీ చెరువు కింద మట్టి ఒక్క పిడికెడు కూడా లేదన్నా.”

“మేం తవ్వినాం, మేం మోసినాం, మేం పరిచినాం. మాది కాకుంటే ఎవురిది?”

“మీదేన్నా. మీదే. మీరు నడుములు పడిపోయేట్ల తోలిన మట్టిని చూసి, భూమి తనంతట తానే బాగుపడిందని రాసినారు వాళ్లు.”

“నేను అబద్ధం చెప్పలేదు.”

“చెప్పలేదు. చెప్పింటే బాగుండు.”

“ఎర్రిస్వామి ఇంటి దూలాలు పీకి బండికెత్తి పెట్టుకోనుండాడు యేసన్నా. కొత్త తావులో ఇల్లేసుకుంటా అని. వానికి ఏమని చెప్పల్ల? అందరికీ ఏమని చెప్పల్ల? నా సంచి వల్ల పోయిందని చెప్పల్లనా?”

“ఇంకా ఎవురికీ చెప్పొద్దు. ఒక దారి ఉండాది.”

“యాడుండాది?”

“ఈ ఉత్తరం మీద బేస్తవారంలోగా అభ్యంతరం పెట్టుకోవచ్చు. తప్పు తావులో తీసినానని నువ్వు వేలిముద్ర వేస్తే చాలు, ఆఫీసరే వచ్చి తన ముందర తవ్విస్తాడు. ఈసారి జానెడు కాదు, రెండు మూరలు తవ్విద్దాం. ఆ చౌడును కండ్లారా చూసినోడు ఎవుడూ ఇది బాగుపడతాదని రాయడు.”

“నా మడిలోనే తవ్వుతారా?”

“పైది తోలిన మట్టి అని చూపించల్లంటే ఆడ్నే తవ్వల్ల. కింది చౌడు పైనబడి మడి పాడైపోతాది. ముందే చెప్తాండా.”

“పోనీలే.”

“పోనీలేనా? ఆ మడి కొర్రేనప్పా ఇప్పుడు నా చేటలో ఉండేది. ఇంకొక పంట వస్తాండె.”

“పది ఇండ్లు కదా ఆంజినమ్మా. మనకు ఒక పంట పోతే పోనీ. యేసన్నా, ఏదీ ఆ సిరాపెట్టె తీయి. అయినా ఒక మాట అడుగుతా. ఆ మారు భూమి ఇస్తే యాడిస్తారు? ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలేదు.”

“చెప్పగూడదు అన్నారు. ముందే తెలిస్తే ఎవురైనా పోయి ఆక్రమించుకుంటారని. ఇప్పుడు ఈ ఉత్తరంతోనే పటం పంపినారు, ఇంగ దాచేదేముండాది. చూడు. మొత్తం ఇరవై ఎకరాలు, ఇంటికి రెండెకరాలు లెక్క. ఈడికి రెండు మైళ్లే. గుట్టకు తూర్పున ఉండే సర్కారు బీడు.”

“గుట్టకు తూర్పునా?”

“అవును. మంచి ఎర్రమట్టి, ఈ ఫిర్కాలో ఇట్లాంటి మట్టి లేదని సర్వేయరు రాసినాడు. ఏదన్నా, వేలు ఇట్లియ్యి.”

“ఆయప్ప ఎప్పుడు చూసినాడు?”

“ఐదేండ్లయింది. ఏం?”

“మళ్ల వచ్చి చూడలేదా?”

“లేదు. బీడు యాడికి పోతాదన్నా? ఏం, ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటాండారు? అక్కా, ఏమైంది?”

“సర్కారు భూమి కదా, తెలిస్తే పట్టుకుంటారని నీకు కూడా చెప్పలేదు యేసన్నా. పది బండ్లు, నాలుగు ఎండాకాలాలు. మేం మట్టి తోలుకున్నేది ఆడినుంచే. ఇప్పుడు ఆడ ఉట్టి బండ.”