దర్జీ కుర్చీ

పొద్దున్నుంచీ మబ్బు పట్టే ఉంది గానీ చినుకు రాలలేదు. సేవాసంఘం గదిలో ఇద్దరే కుర్చీలు తుడుస్తున్నారు. ఒకరు సంఘానికి అధ్యక్షుడు, సైకిళ్లు బాగుచేస్తాడు. ఇంకొకరు నిరుడు చేరిన నర్సు.

“పద్నాలుగు కుర్చీలకు మనం ఇద్దరం మిగిలాం బాబాయ్. ఇలాగే ఉంటే సంఘానికి తాళమేగా?”

“నువ్వు అధ్యక్షురాలివైతే తాళమెందుకు పడుతుంది? నా వల్ల కావడం లేదమ్మాయ్.”

“అవుతాను. మరి పోయిన వారం చేరదామని వచ్చిన ముగ్గురూ మళ్లీ ఎందుకు రాలేదో తెలుసా?”

“తీరిక లేకేమో.”

“కూర్చుంటే లేపేశారు మీరు! అది దర్జీది, ఇది పంతులుగారిది అంటూ.”

“చేరినవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవడం మన పద్ధతి. దర్జీ తెచ్చినదానికి ఒక కాలు పొట్టి. అదేమిట్రా అంటే, మంచిది మా ఆవిడ ఇవ్వనంది అన్నాడు. ఎంత నవ్వామో! వరదలప్పుడు దాని మీదెక్కే దుప్పట్లు పంచాడు.”

“ఆయన పోయి ఎన్నాళ్లయింది?”

“తొమ్మిదేళ్లు.”

“తొమ్మిదేళ్లుగా ఆయన కుర్చీ తుడుస్తున్నారు. ఆయన పని అందుకునేవాళ్లను మాత్రం నిలబెట్టి పంపేస్తున్నారు.”

అతను గుడ్డ దులిపి, మడిచి, కిటికీలో పెట్టాడు.

“ఆ ముగ్గురినీ మళ్లీ పిలువు. నచ్చిన చోట కూర్చోమను. ఆ చేతుల కుర్చీ అధ్యక్షులది, నువ్వు తీసుకో.”

“మరి మీరు?”

“దర్జీదాన్లో కూర్చుంటా. కాలి కింద ఇటుక పెట్టు.”

ఆమె ఇటుక పెట్టింది. తన డబ్బాలో అన్నం చెరిసగం చేసింది. ఇద్దరూ తిన్నారు. అప్పుడప్పుడూ కుర్చీ కిర్రుమంది.