పేటపెద్ద ఈద్ తనిఖీ

“గుమ్మంలో మిఠాయిలు పరిచిన ఆ దస్తర్ఖాన్ తీసెయ్యమ్మా అంటే వినవేం?”

“ఎవరికి అడ్డమొచ్చిందిరా? గుమ్మం నాది, గుడ్డ నాది, మిఠాయి నేను చేసింది.”

తజికిస్తాన్‌లో కొండ కింద ఓ చిన్న పట్టణం. రంజాన్ ఈద్ పొద్దు. పేటపెద్ద హిక్మతుల్లో ఇల్లిల్లూ తనిఖీ చేసుకుంటూ వచ్చి, చివరికి తన తల్లి జెబునిసో గుమ్మం ముందు నిలబడ్డాడు.

“గుడ్డ నీదే, మిఠాయీ నీదే. చట్టం మాత్రం సర్కారుది. ఈదుకు పిల్లలు ఇంటింటికీ తిరిగి అడగకూడదు, మనం పెట్టకూడదు. నిన్న మైకులో చెప్పానా లేదా?”

“చెప్పావు. గొంతు బాగా పలికింది. చివర్న ఈద్ ముబారక్ అని కూడా ఓ మాట అనుంటే ఇంకా బాగుండేది.”

“అమ్మా, ఇప్పుడు నేను నీ కొడుకుగా రాలేదు. పేటపెద్దగా వచ్చాను.”

“అలాగా. అయితే బూట్లు విప్పి లోపలికి దయచేయండి పేటపెద్దగారూ. నా కొడుకైతే బూట్లతోనే వచ్చేస్తాడు. వాడికి బుద్ధి లేదు.”

“కూర్చోను. పనుంది.”

“నిలబడి టీ తాగితే మోకాళ్ళలోకి దిగుతుంది. కూర్చో.”

“టీ వద్దు తల్లీ. కడుపు ఇప్పటికే చెరువులా ఉంది.”

“ఎవరు పోశారు?”

“ఎవరు పోయలేదని అడుగు. సఓదత్ పిన్ని ఇంటికెళ్ళి, మిఠాయి తీసెయ్యి పిన్నీ అన్నాను. సరే నాయనా, నీ చేత్తో నువ్వే తీసెయ్యి అంటూ హల్వా ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది.”

“తిన్నావా?”

“నోట్లో పెట్టాక ఊసేస్తామా? పండగపూట తప్పు కదా.”

“తప్పే. ఆ తర్వాత?”

“మంగలి నజరలీ ఇల్లు. ఆయన చట్టం గురించి ఒక్క ముక్క వాదించలేదు. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం, పిల్లలు రాకూడదు, మరి మా ఆవిడ రాత్రంతా చేసిన సంబూసాలు ఎవరు తింటారు అన్నాడు. పళ్ళెం నా ముందు పెట్టి, తను వెళ్ళి గడపకి అడ్డంగా కూర్చున్నాడు. తినేదాకా దారివ్వలేదు.”

“పాపం. కత్తి మెడమీద పెట్టి తినిపించాడన్నమాట.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. ఆ జేబేమిటి, అలా ఉబ్బింది?”

“ఏ జేబు?”

“రెండూ.”

“కాగితాలు. ఆఫీసు కాగితాలు.”

“కాగితాలు గలగలమంటాయా?”

“అక్రోట్లు. కాస్త కలకండ. వద్దు మొర్రో అంటున్నా షరీఫా అవ్వ కుక్కేసింది. చంటిదానికి పెట్టు అంది. మా చంటిది కాలేజీలో చదువుతోందని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు.”

“మరి ఆ టోపీ? తలమీద ఉండాల్సింది, చేతిలో బుట్టలా పట్టుకున్నావేం?”

“రంగు గుడ్లమ్మా. జేబులో వేస్తే పగిలిపోతాయని.”

“తెలివైనవాడివే.”

“నా సంగతి వదిలెయ్. నిజం చెప్పు, నీ దగ్గరికి పిల్లలెవరైనా వచ్చారా?”

“పిల్లలా? పిచ్చుక కూడా రాలేదు. పోయినేడు ఈ వేళకి తలుపు విరిగిపోతుందేమో అన్నట్టు కొట్టారు. ఒకడు మూడోసారి వచ్చి, నేను రావడం ఇదే మొదలు అని నా తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఇవాళ ఎదురింటి కవలలు గోడమీంచి తలలు పెట్టి చూశారు. రండర్రా అన్నాను. హిక్మత్ బాబాయి పట్టుకుపోతాడు అని తలలు దించేసుకున్నారు. ఒకప్పుడు బూచాడు వస్తాడంటే అన్నం తినేవాళ్ళు. ఇప్పుడు నీ పేరు చెబుతున్నారట.”

“నేనేమన్నా సంబరపడుతూ చేస్తున్నానా? పైనుంచి వచ్చిన ఆదేశం. అయినా అందులో న్యాయం లేకపోలేదమ్మా. లేనివాళ్ళు ఉన్నవాళ్ళతో పోటీపడి అప్పుచేసి దస్తర్ఖాన్ నింపుతున్నారు. పిల్లలకి చెయ్యి చాపడం అలవాటవుతోంది.”

“పండగనాడు పక్కింటి ముసలిదాని ముందు చెయ్యి చాపితే పిల్లాడు చెడిపోతాడా? ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టడానికే కదరా నేను ఏడాదంతా ఎదురుచూసేది.”

“చట్టం అలా చూడదు.”

“పెళ్ళికి ఎంతమందిని పిలవాలో మీరే చెప్పారు, సరే అన్నాను. నీ మేనకోడలి పెళ్ళిలో సగం చుట్టాలు అలిగి ఇంట్లో కూర్చున్నారు. మీ మావయ్య పోతే ఎలా ఏడవాలో కూడా చెప్పారు. మెల్లగా ఏడ్చాను. నా చేతి మిఠాయి ఎవరి నోట్లో పెట్టాలో మాత్రం నన్నే చెప్పనియ్యి.”

“ఇలా మాట్లాడితే నీ పేరు పైకి పంపాల్సి వస్తుంది.”

“పంపు. అక్షరాలు తప్పు లేకుండా రాయి. పోయినసారి కరెంటు వాళ్ళు బిల్లులో నన్ను మగవాణ్ణి చేశారు.”

“అమ్మా.”

“సరే, కోపమొద్దు. పేటపెద్దవి కదా, నాకో సందేహం తీర్చు. ఇవాళ పొద్దున్నుంచీ ఈ పేటలో ఇల్లిల్లూ తిరిగిందెవరు?”

“నేను.”

“ప్రతి తలుపూ తట్టిందెవరు?”

“నేనే. తనిఖీకి.”

“తలుపు తీయగానే ఏమన్నావు?”

“ఈద్ ముబారక్ అన్నాను. మర్యాద ఉండాలి కదా.”

“వాళ్ళేం చేశారు?”

“ఏం చేస్తారు?”

“అదే అడుగుతున్నా. ఏం చేశారు?”

“పెట్టారు.”

“నువ్వేం చేశావు?”

“ఉండమ్మా, ఫోను మోగుతోంది. పైఆఫీసు పెద్దాయన. చప్పుడు చెయ్యకు.”

హిక్మతుల్లో గుడ్ల టోపీని తల్లి చేతికిచ్చి, నిటారుగా నిలబడి ఫోను ఎత్తాడు.

“చిత్తం, బాఖోదిర్ సలీమోవిచ్. పేట అద్దంలా ఉందండి. ఒక్క పిల్లాడూ వీధిలో లేడు... వీడియోనా? మా పేటేనంటారా?... ఇల్లిల్లూ తిరుగుతున్నాడా?... జేబులు నింపుకుంటూ... ఎవడండీ వాడు?... మొహం కనబడలేదా. పోనీలెండి. అంటే, అయ్యో అంటున్నాను... ముదురు కుర్రాడిలా ఉన్నాడా?... నీలం కోటు... చేతిలో టోపీ... బుట్టలా. ఆఁ. లేదండి, నేను పోల్చుకోలేకపోతున్నాను... చిత్తం. పట్టుకుంటాను. ఇవాళే... వాళ్ళని కూడానా?... చిత్తం.”

“ఏమిటట?”

“ఏం లేదు.”

“నీ కోటు ఏ రంగురా?”

“నవ్వకమ్మా.”

“ఈసారి నవ్వుతున్నాను. ఏమన్నాడో చెప్పు.”

“ఆ తిరిగినవాణ్ణి పట్టుకోవాలట. పట్టుకుని, వాడి అమ్మానాన్నల్ని ఇవాళే ఆఫీసుకి తీసుకురావాలట. బిడ్డని అదుపులో పెట్టుకోనందుకు వాళ్ళు తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలి. చట్టంలో అంతే. తప్పు పిల్లలది కాదు, కన్నవాళ్ళది.”

“మంచి చట్టమే.”

“అమ్మా, నా ఉద్యోగం పోయేట్టుంది. నలభై ఏడేళ్ళవాణ్ణి, పిల్లల నేరం కింద దొరికిపోయాను. ఆ వీడియో తీసింది సఓదత్ పిన్ని మనవడే అయ్యుంటాడు, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు మాత్రం ఎవరితోనూ ఏమీ అనకు. తలుపేసుకుని లోపల కూర్చో. ఏం చేస్తున్నావు? ఆ పెట్టెందుకు తెరుస్తున్నావు?”

“నా పట్టు బట్టలు ఇందులోనే ఉండాలి.”

“ఇప్పుడెందుకు?”

“ఆఫీసుకి రమ్మన్నారుగా వాడి తల్లిని.”

“నీకేమన్నా మతిపోయిందా? అక్కడికెళ్ళి ఏం చెబుతావు?”

“ఉన్నదే చెబుతాను. వాడి తండ్రి ఆ సోవియట్ కాలంలో బడికి పెద్ద, పండగలంటే పడని పార్టీ మనిషి. ఈద్ వస్తే కొడుకుని గదిలో పెట్టి తాళం వేసేవాడు. వీధి పిల్లలు చాటుగా తిరిగొచ్చి, కిటికీ కింద నిలబడి కలకండ చూపించి ఊరించేవాళ్ళు. వాడు లోపలనుంచి అద్దం నాకేవాడు.”

“అవన్నీ నీకింకా గుర్తున్నాయా?”

“ఆ తలరుమాలు ఇలా ఇయ్యి. నా కొడుకు ఇవాళే మొదటిసారి ఈదుకి తిరిగాడండీ, సంతకం ఎక్కడ పెట్టమంటారు అంటాను.”