గుండు ఫోటో

ఓట్లకు ముందురోజు సాయంత్రం. మైకుల గోల ఆగిపోయి బంగారుపాళ్యం రోడ్డుకు మళ్లీ లారీల చప్పుడు ఒక్కటే మిగిలింది. కుప్పమ్మ టీ అంగడి ముందు బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు: ఆటో తోలే మునికృష్ణ, మామిడితోపు ఆసామి ఆదిమూలం, వాళ్లిద్దరి మధ్య దొరస్వామి. దొరస్వామి ఎక్కడ కూర్చున్నా మధ్యలోనే కూర్చుంటాడు.

రేపు ఓటుకు పోనని కుప్పమ్మ పొద్దునే ఆదిమూలంతో చెప్పింది. పోయిన ఓట్లప్పుడు వరసలో నిలబడి, లోపలిదాకా పోయి, వేలికి సిరా అంటకుండా తిరిగొచ్చిన మనిషి ఆమె. అప్పటి నుంచి ఆమె ఓటు కార్డు టీపొడి డబ్బాలో అడుగున పడి ఉంది. ఆమె ఓటుకు పోదన్న సంగతి ఆదిమూలం నోరుజారి ఇప్పుడు బెంచీ మీద అనేశాడు.

దొరస్వామి ఆమె వైపు చూడలేదు. గ్లాసు పక్కన పెట్టి, ఎవరూ అడగకుండానే గుండ్ల కథ ఎత్తుకున్నాడు. కుప్పమ్మ ఆ కథ పదిసార్లు విని ఉంటుంది. అయినా పొయ్యి మంట తగ్గించింది. మంట చప్పుడులో మాటలు సరిగా వినపడవు.

"ఆ ఏడు వాన పడలేదు గదా. మనూరోళ్లం యాభై మందిమి బస్సు కట్టుకోని కొండకు పోయినాం. ఆడోళ్లు మొగోళ్లు అని లే, అందరమూ గుండు కొట్టించుకుంటిమి. దిగొచ్చిన మూడోనాడే ఓటు కార్డుకు ఫోటోలు తీసేవాళ్లు బడికాడికి వచ్చి పడినారు. వాళ్లు వెనక కట్టే తెర యాడనో చినిగిపోయిండాది. తెర లేకుంటే ఫోటో లేదు, మళ్లీ ఎప్పుడో వస్తామని పెట్టె సర్దతా ఉండారు. నేను సూసినా సూసినా, పంచె విప్పి గోడకు కట్టినా. ఈ ఊర్లో ఏ కార్డన్నా తీసి సూడప్పా, మొహం వెనక ఉండేది నా పంచె."

"మరి నువ్వేం కట్టుకుంటివన్నా?" అన్నాడు మునికృష్ణ.

"తువ్వాలు."

ఇంతవరకూ నిజమే. ఆరోజు దొరస్వామి పొద్దు వాలేదాకా తువ్వాలుతో నిలబడి, గాలికి పంచె ఎగరకుండా కొస పట్టుకున్నాడు. మంచిపని చేసినవాడు అక్కడితో ఆగితే ఊరు వాణ్ణి తలుచుకుంటుంది. ఆగడం దొరస్వామికి చేతకాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా మీకు?"

ఆ తర్వాత యాభై గుండ్లు అయిదు వందలైనాయి. కార్డులన్నీ కోడిగుడ్ల మాదిరి ఒకటే రకంగా వచ్చినాయనీ, పెండ్లాం కార్డు మొగుడికీ మొగుడి కార్డు మామకూ పోయిందనీ, కార్డులు పంచడానికి వచ్చిన గుమాస్తాకు తల తిరిగి ఆసుపత్రిలో చేర్చారనీ చెప్పాడు. ఇంతలో ఊరందరికీ జుట్టు మొలిచింది. ఓట్లు దగ్గరపడినాయి. కార్డులో గుండు, ఎదురుగా జడ. జీపులో ఒక ఆఫీసరు వచ్చి కార్డూ మొహమూ పోల్చి చూసి వల్లగాక ఇంకో ఆఫీసర్ని పిలిపించాడు, ఆయన ఇంకొకర్ని. జీపులు వరసగా నిలబడి మొగిలి ఘాటు దాకా పోయినాయట. చివరికి ఢిల్లీకి తంతి కొట్టారు.

"ఢిల్లీ నుంచి జవాబు వచ్చినాది. కార్డు మార్చాలంటే మళ్లీ కెమెరా, మళ్లీ జీపు, మళ్లీ ఆఫీసర్లు, శానా ఖర్చు. మనిషిని మార్చాలంటే కత్తి ఒకటి చాలు. కాబట్టి మనుషుల్నే మార్చండి, అని."

మునికృష్ణకు టీ పొలమారింది. కుప్పమ్మకూ నవ్వు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

మరునాడు పొద్దునే నలభై మంది మంగళ్లను ఎక్కించుకుని హెలికాప్టరు ఆదిమూలం తోపులో దిగిందట. ఆ గాలికి పిందెలన్నీ రాలి, రాలుతూ రాలుతూనే పండిపోయాయి.

"నా తోపులోనా? నాకు తెలీకుండానా?" అన్నాడు ఆదిమూలం.

"నువ్వు ఆపొద్దు నిద్రపోతా ఉంటివి మామా. లేపేదెందుకని నేనే వద్దన్నా."

అయిదు వందల తలలకు కత్తులు అరిగిపోతే, సానరాళ్లతో రెండో హెలికాప్టరు వచ్చింది. ఆడవాళ్లు సిగ్గుపడుతున్నారని ముందు ఆఫీసర్లు కూర్చుని గుండు కొట్టించుకున్నారు. డ్రైవర్లు కొట్టించుకున్నారు. హెలికాప్టరు తోలినాయన టోపీ తీసి తలవంచాడు. తెగిన వెంట్రుకలు హైవేకు అడ్డం పడి తడ దాకా లారీలు నిలిచిపోయాయి. ఆ ఒక్కరోజు ఖర్చుతో ఊరికొక ఆసుపత్రి కట్టి ఉండచ్చని దొరస్వామి లెక్క.

"అయినా పోనీలే అంటి. ఖర్చయితే అయినాది. ఈ ఊర్లో ఒక్క ఓటు పోలేదప్పా. ఒక్కటంటే ఒక్కటి."

కుప్పమ్మ కొంగు దించింది.

ఊరు నవ్వితే చాలు కోతలు కోసేవాడికి. కానీ కొన్ని కోతలు నవ్వించడానికి పుట్టవు, కప్పిపెట్టడానికి పుడతాయి. ఆమెకు అది తెలుసు. అయిదేళ్లుగా తెలిసీ టీ పోస్తూనే ఉంది. ఈ ఒక్క మాట మాత్రం ఆయన ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు.

"ఒకటి పోయింది దొరసామీ," అంది.

చెయ్యి తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"నువ్వు మీ పార్టీ ఏజెంటుగా లోపల కూర్చోనుంటివి. నేను కార్డు ఇస్తే ఆఫీసరు కార్డు సూసినాడు, నన్ను సూసినాడు, నీ దిక్కు సూసినాడు. నువ్వు జోబీలోంచి రెండు రూపాయలు తీసి బల్ల మీద పెట్టి, ఈమె ఆమె కాదు, అంటివి."

అభ్యంతరం చెప్పే ఏజెంటు రెండు రూపాయలు కట్టాలని రూలు. అది రుజువైతే దొంగఓటని పోలీసులకు అప్పగిస్తామని ఆఫీసరు చెప్పాడు. పోలీసుల మాట వినగానే ఆమె కార్డు వెనక్కి తీసుకుంది. విచారణకు నిలవకుండా వచ్చేసింది. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా మునికృష్ణకు చెప్పింది. దొరస్వామి నేల చూస్తున్నాడు.

"సర్కారు అంత ఖర్చు పెట్టి నా మొహానికి కార్డు చేసిచ్చింది. రెండు రూపాయలకు నువ్వు ఆ మొహం నాది కాకుండా చేస్తివి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మీ ఇంటోళ్లంతా అవతలి పార్టీ అని తెలుసక్కా. ఒక్క ఓటన్నా తగ్గించమని మావాళ్లు చెప్పింటిరి. నువ్వు నన్ను తిడతావనుకుంటి. నిలబడి వాదిస్తావనుకుంటి. గమ్మున పోతావనుకోలే."

"నీ పంచె ముందర తీయించుకున్న ఫోటో అప్పా అది. తలమీద చందనం ఆరలేదు, కొంగు సర్దుకో కా, అని నువ్వే గదా చెప్తివి."

దొరస్వామి గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. కుప్పమ్మ అది పారబోసి, గ్లాసు కడిగి, వేడిగా ఇంకొకటి పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"రేపు నేను లోపల కూర్చోను కా. ఏడుకల్లా ఈడికి వస్తా. నీతో వరసలో నిలబడతా. ఎవురన్నా ఏమన్నా అడిగితే నేను చెప్తా."

"ఏం చెప్తావు? హెలికాప్టరు సంగతా?"

మునికృష్ణ నవ్వబోయి మానుకున్నాడు.

"లే కా. ఈమె కుప్పమ్మ అని చెప్తా. అంతే."

ఇన్నేళ్లలో దొరస్వామి నోట అంత చిన్న మాట ఆమె వినలేదు. టీపొడి డబ్బా దించి, అడుగున చెయ్యి పెట్టి కార్డు తీసింది. కొంగుతో పొడి తుడిచింది. గుండుతో ఉన్న ఆడమనిషి బిత్తరపోయి చూస్తోంది. వెనక తెల్లగా పంచె. ఒక మూల, పంచె కొస పట్టుకున్న రెండు వేళ్లు కూడా పడ్డాయి. అవి ఎవరివో ఆమెకు తెలుసు.

కార్డు రవికలో దోపుకుని బెంచీ వైపు తిరిగింది.

"రేపు పొద్దున అంగడి తెరవను. టీ కావాలంటే పదికి పైన రాండి."