నీలి మూత డబ్బాలు

ఈ ఉదయం పోలీసు స్టేషన్ వరండాలో బల్ల కింద ఒక సత్తు గిన్నె కనిపించింది. మూతకు చీటీ కట్టి ఉంది. అడుగున పులుసు ఎండిపోయి, అందులో వంకాయ గింజలు అంటుకుని ఉన్నాయి. చీమలు పట్టాయి. అది మా హాస్టల్ వంటగదిలో పనిచేసే నాగక్క అన్నం గిన్నె.

నా పేరు హిమబిందు. తండ్రి పేరు పుల్లయ్య. వయసు ఇరవై రెండు. మాది జమ్మలమడుగు. మా నాన్నకు కిరాణా అంగడి ఉంది. నేను కడపలో కాన్వెంటులో చదివి, తర్వాత పోషకాహారంలో డిగ్రీ చేశాను. 2008 ఫిబ్రవరి నుంచి కడపలోని వర్తకుల సంఘం నడిపే ఒక బాలికల హాస్టల్లో, హైదరాబాదు కంపెనీ ఒకదాని తరఫున పని చేస్తున్నాను. ఆ హాస్టల్లో ఉండేది చేప, మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ల పిల్లలు. నేనూ అటువంటి ఇంటి పిల్లనే.

కంపెనీవారు ఒక నూనె క్యాప్సూల్‌ను పరీక్షిస్తున్నారు. ఎదిగే వయసులో రోజూ మింగితే రక్తనాళాలు గట్టిపడకుండా ఉంటాయా అని చూస్తున్నారు. సగం మందికి నీలి మూత డబ్బా, సగం మందికి తెల్ల మూత డబ్బా. ఒకదానిలో అవిసె గింజల నూనె, ఇంకోదానిలో ఉత్త శెనక్కాయ నూనె అన్నారు. ఏది ఏదో పిల్లలకూ నాకూ చెప్పలేదు. తల్లిదండ్రులకు కూడా అవిసె నూనె అనే చెప్పారు. డబ్బాల మీద కూడా అదే ఉంది.

క్యాప్సూళ్లు పంచడం, నెలకోసారి పరీక్షకు సాయపడడం నా పని. దండచేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఐదు నిమిషాలు బిగించి ఉంచుతారు. చెయ్యి చల్లబడుతుంది. పట్టీ వదిలాక నాళం ఎంత విచ్చుకుందో యంత్రంలో చూస్తారు. తొమ్మిదో తరగతి శివాని మొదటిసారి, "గాజులు తొడిగే ఆయప్ప గూడ ఇంత గట్టిగా పట్టుకోడక్కా" అంది. పిల్లలంతా నవ్వారు.

మార్చి నుంచి కొందరికి తేన్పులు కంపు కొట్టాయి. భోజనాల దగ్గర, "నీలి మూతోళ్లంతా ఆ పక్క కూచోండి" అని మిగతా పిల్లలు ఎగతాళి చేసేవారు. అవిసె నూనె వాసన అలాగే ఉంటుందనుకున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం, ఉదయం తొమ్మిదింటికి, అన్నం కూర తిని క్యాప్సూళ్లు మింగాక, కుళాయి దగ్గర ఐదుగురు వాంతి చేసుకున్నారు. శివాని పడిపోయింది. ఆమెను చూడడానికి వచ్చిన తల్లి రాజ్యలక్ష్మమ్మ గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందిది, నీసు కంపు? మా బిడ్డకు ఈడ ఏం పెడతాండారు?" అని అడిగారు.

హాస్టల్ కార్యదర్శి కేశవయ్య గారు వచ్చారు. నేరుగా వంటగదిలోకి పోయారు. క్యాప్సూళ్లు ఉండే మందుల గదివైపు చూడలేదు. అక్కడ నాగక్క బీరకాయలు తరుగుతోంది. ఆమె కూరగాయలు తరిగి, గిన్నెలు తోమి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం వెనక గట్టుమీద తింటుంది. కేశవయ్య గారు ఆమె గిన్నె మూత కాలితో తీశారు.

"చేపల పులుసు తెచ్చి పిల్లోళ్ల కూరలో కలుపుతాండావా?"

"వంకాయ సామీ. చేపలయితే ఈ గదంతా నీసు కొట్టల్ల గదా."

"నోరు తెరువు."

ఆమె తెరిచింది. ఆయన దగ్గరికి పోలేదు. వాచ్‌మన్ ఏసేపును పిలిచి వాసన చూడమన్నారు.

"ఏమప్పా, ఉండాదా?"

"ఎర్రగడ్డ వాసన సార్" అన్నాడు ఏసేపు. ఉల్లిపాయ వాసన, నీసు కాదు.

పిల్లలంతా చూస్తున్నారు. నాగక్క నోరు తెరిచే ఉంచింది, మూసుకోమని ఎవరూ చెప్పలేదు. పదింటికి ఆమెనూ గిన్నెనూ ఆటోలో ఇక్కడికి పంపారు. శివానిని ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రానికి తేరుకుంది.

నిన్న సోమవారం ఉదయం మందుల గది తెరిచాను. ఫ్యాను పాడై వారమైంది. ఎండకు నీలి మూత డబ్బాల్లోని క్యాప్సూళ్లు మెత్తబడి ముద్దకట్టాయి. విడదీస్తుంటే కొన్ని పగిలి నూనె నా వేళ్లకు అంటింది. కుళాయి దగ్గర వచ్చిన వాసనే. సీకాయపొడితో కడుక్కున్నాను. పోలేదు. మళ్లీ కడుక్కున్నాను.

చేప తినని మీకు అది చేప నూనె అని ఎలా తెలుసని ఎస్.ఐ. గారు అడిగారు. కాన్వెంటులో సిస్టర్ కృపమణి చలికాలంలో బోర్డింగు పిల్లలకు చేప నూనె చెంచాతో పోసేవారు. నన్ను మాత్రం, "నీకు వద్దులే, మీ ఇంట్లో ఒప్పుకోరు" అని పక్కకు పంపేవారు. మా ఇంట్లో ముందే అడిగి అలా పంపేవారు. ఆ వాసన నాకు తెలుసు.

పరీక్ష నడిపే డాక్టర్ భూపేష్ గారికి ఫోన్ చేశాను. చేప నూనే అని ఒప్పుకున్నారు. "చెబితే మింగుతారా? కల్తీ లేని పిల్లలమ్మా, పుట్టినప్పటి నుంచి చేప తగలని ఒళ్లు. ఇలాంటివాళ్లు ఒక్కచోట ఇంతమంది ఎక్కడ దొరుకుతారు?" అన్నారు. అందుకే ఈ హాస్టల్‌ను ఎంచుకున్నారట. నేను ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం కేశవయ్య గారి బట్టల అంగడికి వెళ్లి చెప్పాను. ఆయన గుడ్డ కొలవడం ఆపలేదు.

"తెలుసులే పాపా. కంపెనీవాళ్లు పిల్లోళ్లకు మంచినీళ్ల ప్లాంటు పెట్టిస్తామన్యారు. డబ్బాలో ఉండేది మందు, మందుకు మడేంది?"

"మరి నాగక్క?"

"రెండు దినాలు కూచోని వస్తాదిలే. ఆమెకేం పోయింది? ఇంట్లో గూడ ఈ మాట ఎత్తగాకు."

మందుకు మడి లేదన్న ఆయనే వంటగదిలో నాగక్క నోరు తెరిపించారు.  బయటికి వచ్చి సాయంత్రం జమ్మలమడుగు బస్సు ఎక్కాను.

పిల్లలంతా ఒక్క గుండిగలోని కూరే తిన్నారు. వాంతి చేసుకున్న ఐదుగురూ నీలి మూతవాళ్లే. తెల్ల మూతవాళ్లలో ఒక్కరికి కూడా నీసు తేన్పు రాలేదు. చేపకు గింజలు ఉండవు. నాగక్కను వదిలిపెట్టమని, ఆ గిన్నె కడిగి ఆమెకు ఇవ్వమని కోరుతున్నాను.

రెండు రకాల డబ్బాలూ ఇక్కడ ఒప్పగించాను. ఎస్.ఐ. గారు నీలి మూత తీసి ముఖం తిప్పుకున్నారు. అది కూడా రాయమన్నాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసినదీ విన్నదీ తప్ప ఇందులో వేరే మాట లేదు, ఎవరూ చెప్పించలేదు. సంతకం చేసే ముందు ఒక మాట చేర్చమని అడిగాను. కేశవయ్య గారు మా అమ్మకు సొంత అన్న. రాత్రి విషయమంతా విని, ఈ పొద్దున నన్ను కడప బస్సు ఎక్కించింది మా అమ్మే.

(సంతకం) హిమబిందు
కడప, 22-4-2008